సోమవారమా, ఓ వారమా

ఉత్తరం పొద్దుటి నుంచీ భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బాకీ నీళ్ళ జగ్గుకీ మధ్య పడి ఉంది. ఇంట్లో ఉన్న ఐదుగురూ దాన్ని చదివారు. ఐదుగురూ చదవనట్టు నటిస్తున్నారు.

వచ్చింది టీవీ ఛానెల్ వాళ్ళ నుంచి. అత్తయ్య పేరు మీద వచ్చింది. 'లిఫ్టు పనిచేయదు' అనే హాస్య ధారావాహికపై తమరు పంపిన ఫిర్యాదు అందినదనీ, శనివారం ఉదయం పదకొండు గంటలకు స్టూడియోలో పన్నెండుమంది ప్రేక్షకులకు వేసే ప్రదర్శనకు దయచేసి, ఆ కార్యక్రమం నవ్వు తెప్పిస్తోందో లేదో తేల్చి చెప్పవలసిందనీ అందులో ఉంది. ఫిర్యాదు నకలు కూడా వెనకాల పిన్ను పెట్టి మరీ జతచేశారు.

అదే స్టూడియోలో, అదే ధారావాహికకు, నవ్వులు అతికించే ఉద్యోగం ఈ ఇంటి చిన్నకోడలిది.

"సొంత కోడలి ఉద్యోగానికే ఎసరు పెట్టావు కదమ్మా," అన్నాడు చిన్నకొడుకు. అతనికి బజార్లో కళ్ళజోళ్ళ షాపు. అద్దాలు అరగదీసీ అరగదీసీ మాటల్ని కూడా నునుపు చేసి చెప్పడం అలవాటైన మనిషి. ఇవాళ ఆ ఓపిక లేదు.

"నేను కోడలి మీద రాయలేదు. కార్యక్రమం మీద రాశాను," అంది అత్తయ్య, కూర గిన్నె తన వైపు లాక్కుంటూ. "బాగోలేనిదాన్ని బాగోలేదన్నాను. ముప్పై నాలుగేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా స్కూలు నడిపినదాన్ని. మొహం చూసి మార్కులు వెయ్యను."

మార్కులు నిజంగానే వేసింది. నకల్లో ఎర్రసిరా నల్లగా పడింది గానీ, వందకి ముప్పై ఐదు అన్న అంకె కింద రెండు గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి.

"ముప్పై ఐదా?" చిన్నకోడలి బావగారికి, అంటే ఇంటి పెద్దకొడుక్కి, అన్నం సయించలేదు. లాయరు దగ్గర గుమాస్తా ఆయన, దేన్నయినా అంత తేలిగ్గా వదలడు. "రెండేళ్ళలో నాకు నిజంగా నవ్వొచ్చింది పోయిన గురువారం ఒక్కనాడే. నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాను."

"ఆ కుర్చీ కాలు ఎప్పుడో వదులైంది," అంది అత్తయ్య.

వంటింటి గుమ్మంలో నిలబడిన తోటికోడలు నోరు విప్పింది. "నాకూ బాగా నవ్వొచ్చిందత్తయ్యా," అంది తన మెత్తటి గొంతుతో. అత్తయ్య తల తిప్పలేదు. కూర వడ్డించుకుని, గిన్నె మీద మూత పెట్టింది. తోటికోడలు ఒక్క క్షణం చూసి, పెదవి బిగించి, తన గదిలోకి వెళ్ళిపోయింది. ఏడాదిగా ఇదే వరస. ఆవిడ పలకరిస్తుంది, ఈవిడ పలకదు.

ఆ గదిలో అట్టపెట్టెలున్నాయి. బావగారి ఆఫీసు ఊరికి ఆ చివరికి మారిపోయింది. దగ్గర్లో ఇల్లు చూసుకున్నారు. మంగళవారం నాడు, ఏ ఏడుపులు వినాల్సొస్తుందోనని గుండె చిక్కబట్టుకుని, "సోమవారం వెళ్తున్నామమ్మా," అని ఆయన తల్లితో చెప్పాడు. అత్తయ్య పేపరు మడత పెడుతూ, "మంచిదే, వెళ్ళిరండి. ఇన్ని పెట్టెలెందుకురా, రెండు జతల బట్టలు చాలవూ?" అంది. అంతే. ఆ రోజు నుంచి బావగారు కనబడిన వాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు, కన్నతల్లి కట్టుబట్టలతో పొమ్మందని.

ఒకే కప్పు కింద రెండు అలకలు, ఒక ఫిర్యాదు. చిన్నకోడలు కంచం తీసుకుని లేచింది. ఆమెకు తన గొడవే తలకు మించి ఉంది.

* * *

తప్పు ఆమెదే. అందులో అనుమానం లేదు.

స్టూడియోలో ఆమెను అందరూ నవ్వులమ్మ అంటారు. ఆమె అలమరలో మూడు వందల పన్నెండు నవ్వులున్నాయి. గుంపు నవ్వులు, ఒంటరి నవ్వులు, ఆపుకోబోయి ఆపుకోలేని నవ్వులు, పెద్దాయన దగ్గుతో ముగిసే నవ్వు. పాత్రల మాటలు ఒక వరసలో నడుస్తుంటే, కింద ఇంకో వరసలో ఈ నవ్వుల్ని ఎక్కడెక్కడ ఎంతెంత పెట్టాలో చూసుకుని అతికించడం ఆమె పని. ఎనిమిదేళ్ళుగా ఒక్క నవ్వు అటూ ఇటూ కాలేదు.

పోయిన గురువారం ఒక చిన్న మాట దగ్గర ఆమెకు సరదా పుట్టింది. ఈ మాట నవ్వు ఊతం లేకుండా నిలబడుతుందా లేదా చూద్దామని నవ్వుల వరస మూసేసి విన్నది. విని, తాగుతున్న టీ ముక్కులోకి పోయేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, బల్ల తుడిచి, భాగాన్ని ప్రసారానికి పంపేసింది. మూసిన వరస తెరవడం మర్చిపోయింది. ఇరవై రెండు నిమిషాల హాస్యం ఒక్క నవ్వు కూడా లేకుండా ఊరంతా తిరిగింది.

ఛానెల్‌కి ఫోన్ల మీద ఫోన్లు. సగంమంది టీవీ పాడైందనుకున్నారు. సగంమంది ఇన్నాళ్ళకి నవ్వొచ్చిందన్నారు. ప్రోగ్రాం మేనేజరు నెత్తి పట్టుకుని, చివరికి ఒక దారి కనిపెట్టాడు. శనివారం పన్నెండుమందిని కూర్చోబెట్టి, అదే భాగాన్ని మొదటి సగం నవ్వులతో, రెండో సగం నవ్వుల్లేకుండా చూపిస్తాడు. ఏడుగురు నవ్వుల్లేనిదే మేలన్నారా, సరే. అనలేదా, నవ్వులు పెట్టడం మర్చిపోయిన మనిషికి నవ్వుల విభాగంలో పని లేదు.

ఆ పన్నెండుమందిలో అందరికంటే ముందు పిలుపు అందింది అందరికంటే తక్కువ మార్కులు వేసినావిడకి. ఆవిడ ఎవరో మేనేజరుకి తెలియదు.

గిన్నెలు కడగడం అయ్యాక చిన్నకోడలు ఆ నకలు పట్టుకుని వసారాలో కూర్చుంది. కోపంగానే చదవడం మొదలుపెట్టింది. అత్తయ్య బళ్ళో పిల్లల చేత రాయించే భాషలోనే రాసింది.

'రెండవ సగమున, లిఫ్టు ఎప్పుడు బాగగునని అద్దెవారు అడుగగా మెకానిక్ "ఓ వారం" అనును. ఓ వారము పట్టునన్నచో పట్టును. ఇది సమాచారమే గాని హాస్యము కాదు. పిదప "వచ్చే ఓ వారం", "పోయిన ఓ వారం" అని అర్థము లేని మాటలు. పెదవులు కదిపినంత మాత్రమున సంభాషణ కాజాలదు. ఇంతకు ముందు ఈ కార్యక్రమము బాగుండెడిది.'

ఓ వారమా?

ఆమె ఆ మాట మళ్ళీ చదివింది. ఆమెను నవ్వించి కొంప ముంచిన మాట సరిగ్గా అదే. ఆ మెకానిక్ ఓ వారం అనలేదు. సోమవారం అన్నాడు.

సోమవారంలోంచి 'స' జారిపోతే ఏం మిగులుతుందో పైకి అని చూసుకుంది. ఓమవారం. ఓ వారం.

కాగితం ఒళ్ళో పెట్టుకుంది. స్టూడియోలో ఆమె ముందుండే తెర మీద మాటలు బొమ్మలుగా కనబడతాయి. 'మ', 'వ' అడుగున లావుగా ముద్దల్లా ఉంటాయి. 'స' మాత్రం పై అంచున సన్నటి గడ్డిపోచల్లా లేస్తుంది. వయసు మీద పడితే చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై అంచునే. ఈ సంగతి ఆమె వృత్తిలో అ ఆ ల్లాంటిది. ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి విషయంలో తట్టలేదు.

ఒకటొకటిగా అన్నీ గుర్తొచ్చాయి. 'నా ముందు గుసగుసలు మానండి' అని అత్తయ్య విసుక్కోవడం. ఎవరు మాట్లాడినా మొహంలోకి గుచ్చి చూడటం. టీవీ ముందు అత్తయ్య నవ్వు ఎప్పుడూ టీవీ నవ్వు కంటే అర క్షణం వెనకబడి రావడం. రెండేళ్ళుగా ఆవిడ మాటకి నవ్వడం లేదు. ఆ మోత వినబడగానే, హాజరు పిలిచినప్పుడు పక్కవాడు పలికాక తానూ పలికే పిల్లలా నవ్వుతోంది. ఆ నవ్వుల్ని అతికించి పంపింది తనే. గురువారం అవి లేకపోయేసరికి ఆవిడ తెల్లమొహం వేసుకుని కూర్చుంది.

చిన్నకోడలికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏడుపొచ్చింది.

* * *

"అమ్మకి చెవుడేమిటి," అన్నాడు భర్త, షాపులో అద్దం తుడుస్తూ. శుక్రవారం మధ్యాహ్నం, బేరాల్లేని వేళ చూసి వచ్చి చెప్పింది ఆమె. "పక్కింటి గేటు చప్పుడైతే ఎవరొచ్చారో చెబుతుంది."

"గేటు మోత బరువు శబ్దమండీ. అవన్నీ బాగానే వినిపిస్తాయి. సన్నటివే పోయాయి. అక్క గొంతు చూడండి, మొత్తం సన్నమే."

అతను తుడవడం ఆపాడు. ఏడాదిగా తన వదిన ఎన్నిసార్లు కళ్ళనీళ్ళతో గదిలోకి వెళ్ళిందో అతనికి లెక్క తెలుసు.

"నువ్వెళ్ళి చెప్పు చూద్దాం అమ్మతో, నీకు వినబడటం లేదని. ఇల్లు పీకి పందిరేస్తుంది."

చెప్పనంది ఆమె. చెప్పకుండా చేసే ఉపాయం ఒకటి ఉందంది. పన్నెండుమందికీ తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఇస్తే అందులో అత్తయ్యా ఒకరవుతుంది, ఎవరూ ఆవిడ వైపు వింతగా చూడరు. ఆవిడకిచ్చేదానిలో మాత్రం తను పై అంచు శబ్దాలు పెంచి ఉంచుతుంది. అయితే ఒక్కటే బాధ. "నా ఉద్యోగం కోసం నేనే పరీక్ష పేపరు దిద్దుకున్నట్టు అవుతుందేమోనండీ."

అతను అద్దం పక్కన పెట్టాడు. ఎదురుగా గోడ మీద చిన్నవి పెద్దవి అక్షరాలున్న పట్టిక వేలాడుతోంది. "నా దగ్గరికొచ్చిన వాళ్ళకి అద్దాలు పెట్టి ఆ పట్టిక చదివిస్తాను. అది కాపీ కొట్టించడమా?" అన్నాడు. "అద్దం పెట్టడం వరకే నీ పని. చదవడం ఆవిడ పని. బాగోలేకపోతే ముప్పై ఐదుకి ఒక్క మార్కు కలపదు మా అమ్మ. అది మాత్రం నీకు ముందే చెబుతున్నా."

అది ఆమెకూ తెలుసు.

మేనేజరుని ఒప్పించడం కష్టం కాలేదు. ఒకరి నవ్వు విని ఇంకొకరు నవ్వితే అది లెక్కలోకి రాదు కదా సార్, ఎవరి నవ్వు వాళ్ళదే అవ్వాలి కదా అంది. ఆ ఉపాయం తనకే తట్టినట్టు ఆయన వెంటనే తల ఊపాడు.

* * *

శనివారం అత్తాకోడళ్ళిద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. దిగేముందు అత్తయ్య చేతిసంచి సర్దుకుంటూ, "అక్కడ నన్ను అత్తయ్యా అనకు. పరీక్ష హాల్లో చుట్టరికాలుండవు," అంది.

చిన్న గది, చీకటి, పన్నెండు కుర్చీలు. నాలుగో కుర్చీలో అత్తయ్య. ఆవిడ పక్కన ఒక చెప్పుల షాపాయన, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరొచ్చి నవ్విస్తారో చూస్తానన్నట్టు కూర్చున్నాడు. వెనక గాజు అద్దం అవతల చిన్నకోడలు, ఆమె భుజం వెనక మేనేజరు.

మొదటి సగం నవ్వులతో నడిచింది. పన్నెండుమందిలో ఎక్కువమంది మర్యాదకి పళ్ళు కనబరిచారు. అత్తయ్య నవ్వలేదు. తలకు పెట్టిన హెడ్‌ఫోన్ రెండు చేతులా పట్టుకుని, నుదురు ముడివేసి, తెర వైపు వంగి కూర్చుంది. చిన్నకోడలు మీట మీద వేలు పెట్టింది.

నవ్వుల వరస మూసేసింది. ఈసారి కావాలనే.

తెర మీద ఐదో అంతస్తు అద్దెవాడు మెట్లెక్కి వగరుస్తూ వచ్చాడు. మెకానిక్ స్క్రూడ్రైవరుతో వీపు గోక్కుంటున్నాడు.

"లిఫ్టు ఎప్పుడు బాగవుతుందయ్యా?"

"సోమవారం."

"ఏ సోమవారం?"

"వచ్చే సోమవారం."

"పోయిన సోమవారం కూడా ఇదే మాట చెప్పావు."

"పోయిన సోమవారం నాడు ఇదే కదండీ వచ్చేది."

గదిలో ఒక నవ్వు లేచింది. అది అర క్షణం వెనక రాలేదు. అందరికంటే ముందొచ్చింది. మొదట ముక్కులో చిన్న చప్పుడు, తరవాత గొంతులోంచి గలగల, ఆ తరవాత మనిషంతా ఊగిపోతూ ఒక పెద్ద నవ్వు. చెవులు మూసి ఉన్నందువల్ల తాను ఎంత గట్టిగా నవ్వుతోందో అత్తయ్యకి తెలియదు. పర్సులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు పైకెత్తి కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది.

అలమరలో మూడు వందల పన్నెండు నవ్వులున్న మనిషికి ఆ నవ్వు కొత్త. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, అత్తయ్య పగలబడి ఎలా నవ్వుతుందో చిన్నకోడలు ఇవాళే విన్నది. పట్టరాని సంతోషంతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

దీపాలు వెలిగాయి. హెడ్‌ఫోన్లు తీశారు. గొడవ మొదలైంది.

చెప్పుల షాపాయన, ఇందులో నవ్వడానికి ఏముందో తనకి ఎవరైనా చెప్పాలన్నాడు. లిఫ్టు పాడైంది, బాగుచెయ్యలేదు, తన బిల్డింగులోనూ అంతేనన్నాడు. వెనక వరసలో ఉన్న నర్సమ్మ, తమ బిల్డింగులోనూ అంతేననీ, అందుకే నవ్వొచ్చిందనీ అంది. ఒకాయన నవ్వులు వినబడకపోతే ఇంట్లో ఒంటరిగా ఉన్నట్టుందన్నాడు. ఇంకొకావిడ, ఎప్పుడు నవ్వాలో టీవీ చెప్పడమేమిటి, తనకి తెలియదా అంది. మాటామాటా పెరిగి కుర్చీలు జరిగాయి. మేనేజరు లోపలికెళ్ళి చేతులెత్తమన్నాడు.

నవ్వులుంటేనే బాగుందన్న వాళ్ళు ఐదుగురు. లేకపోతేనే బాగుందన్న వాళ్ళు ఆరుగురు. ఏడో చెయ్యి లేవలేదు.

"మేడమ్, మీరు ముప్పై ఐదు వేశారు కాబట్టి మీది నవ్వులుండాలనే కదా," అన్నాడు మేనేజరు కాగితం మీద రాయబోతూ. "అంటే ఆరూ ఆరూ. ఏడు కాలేదు."

"రాయకండి," అంది అత్తయ్య.

లేచి నిలబడింది. ఆవిడ లేస్తే గది తరగతి గది అయిపోయింది. చెప్పుల షాపాయన కూడా నిటారుగా కూర్చున్నాడు.

"మీ దగ్గర నా కాగితం ఉందిగా, ఇలా ఇవ్వండి." తీసుకుని, సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. వెంటనే రాయలేదు. గాజు అద్దం వైపు ఒక్కసారి చూసింది.

"ముప్పై నాలుగేళ్ళు పేపర్లు దిద్దాను. చదవకుండా మార్కులు వేసే టీచర్లని మందలించాను కూడా. పోయిన గురువారం నేనే ఆ పని చేశాను. నాకు ఆ మాటలు వినబడలేదు." ఆగింది. "ఆ రోజే కాదు. రెండేళ్ళుగా సరిగ్గా వినబడటం లేదు. నాకు చెవుడు."

అత్తయ్య మేనేజరు వైపు తిరిగింది.

"మీ నవ్వులు వినబడేవి. అవి రాగానే నేనూ నవ్వేదాన్ని. అంటే పక్కవాడి పేపర్లో చూసి రాశానన్నమాట. రెండేళ్ళు కాపీ కొట్టి నవ్వాను. ఇవాళ మాట విన్నాను, సొంతంగా నవ్వాను. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఇక్కడున్న వాళ్ళలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు."

బల్ల మీద కాగితం పెట్టి, ముప్పై ఐదు కొట్టేసి, పక్కన ఎనభై రెండు వేసి, కింద సంతకం చేసింది. పద్దెనిమిది ఎందుకు తగ్గాయని మేనేజరు అడగకుండానే చెప్పింది, చివర్లో ఆ లిఫ్టు సంగతి ఏమీ తేల్చలేదని. చెప్పుల షాపాయన అదే తానూ అంటున్నానన్నాడు. అప్పుడు చెయ్యెత్తింది అత్తయ్య, తరగతిలో మొదటి వరస పిల్లలా, మోచెయ్యి వంగకుండా.

ఏడు.

వెనక నుంచి నర్సమ్మ చప్పట్లు కొట్టింది. మిగిలిన వాళ్ళూ కొట్టారు. వచ్చే గురువారం నుంచి నవ్వుల్లేకుండానే వేద్దామన్నాడు మేనేజరు, గాజు గదిలోకి వచ్చి. మరి తన పనేమిటని అడిగింది చిన్నకోడలు, అప్పుడు గుర్తొచ్చి. మాటకీ మాటకీ మధ్య జనం నవ్వుకోవడానికి ఎంత చోటు వదలాలో చూసే మనిషి కావాలి కదా, అది నువ్వు కాక ఇంకెవరు చేస్తారన్నాడాయన. ఆ పెద్దావిడ ఎవరో గానీ నిన్ను గట్టెక్కించిందని కూడా అన్నాడు. "మా అత్తయ్య సార్," అంది ఆమె. పరీక్ష అయిపోయింది కనక చుట్టరికం చెప్పుకోవచ్చు.

* * *

తిరుగు బస్సులో అత్తయ్య చెవులకి ఆ హెడ్‌ఫోనే ఉంది. స్టూడియోలో ఒక చిన్న రికార్డరుకి దాన్ని తగిలించి, చుట్టుపక్కల మాటలు అందులోంచి వినబడేలా సరిచేసి ఇచ్చింది చిన్నకోడలు. చెవికి మిషను అమిరేదాకా వాడుకోవచ్చు.

"కండక్టరు టికెట్ చింపితే చప్పుడవుతుందని మర్చిపోయాను," అంది అత్తయ్య. కాసేపయ్యాక, "నా ఒక్కదానికే సరిచేశావు కదూ ఇది," అంది.

"అవునత్తయ్యా. మీ ఉత్తరం చదివాక తెలిసింది."

"నాకు ముందే తెలుసు." అత్తయ్య కిటికీ వైపు తిరిగింది. "కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నదంటారు. చెవిలో మిషను పెట్టుకుంటే చెవిటిదంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

చిన్నకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. అత్తయ్య విడిపించుకోలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి కళ్ళజోళ్ళాయన షాపు మూసేసి వచ్చి గుమ్మంలోనే ఉన్నాడు. ఇద్దరి మొహాలూ చూడగానే అతనికి అర్థమైంది. తల్లి తల మీది ఆ హెడ్‌ఫోన్ చూసి ఏమీ అడగలేదు, తన షాపులో కొత్త అద్దాలు పెట్టుకున్న వాళ్ళని చూసినట్టు తృప్తిగా చూశాడు.

అత్తయ్య బల్ల దగ్గర, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. వంటింట్లోంచి తోటికోడలు వచ్చి, ఎలాగూ జవాబు రాదన్న నమ్మకంతో, అలవాటుకొద్దీ అడిగింది.

"టీ పెట్టనా అత్తయ్యా?"

అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగింది. "పెట్టమ్మా," అంది. తరవాత ఆవిడ మొహంలోకి గుచ్చి చూడకుండా, మొదటిసారిగా ఆ గొంతు వింటున్నట్టు తల వాల్చింది. "నీ గొంతు ఇంత బాగుంటుందా?"

తోటికోడలు అలాగే నిలబడిపోయింది. చేతిలో గుడ్డ జారి కింద పడింది. దాన్ని తీసుకుని, వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టి వచ్చింది.

అప్పుడే లోపలి గదిలోంచి బావగారి మాట వినబడింది. ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. "లారీ సోమవారం పొద్దున్నే వచ్చేస్తే మంచిదండీ. మంచాలు కూడా ఉన్నాయి."

అత్తయ్య మొహం మీది నవ్వు ఆగిపోయింది.

"ఓ వారం ఊరెళ్ళడానికి లారీ ఎందుకురా?" అని కేకేసింది.

బావగారు పెట్టె చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. "ఓ వారమేమిటి? ఇల్లు మారిపోతున్నాం. సోమవారం వెళ్తున్నామని మంగళవారమే చెప్పానుగా. వెళ్ళిరండి, రెండు జతల బట్టలు చాలవూ అన్నావుగా."

చిన్నకోడలు నుదురు కొట్టుకుంది. సోమవారం. ఓ వారం. ఉత్తరంలో పట్టుకున్న మాటను ఇంట్లో పట్టుకోలేకపోయింది. కొడుకు విడిపోతానని చెబితే, ఓ వారం సరదాగా తిరిగి రమ్మని దీవించింది ఆ తల్లి. పెద్దకొడుకు ఐదు రోజులుగా ఆ దీవెనని గుండెల్లో ముల్లులా మోస్తున్నాడు.

వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు అత్తయ్యకి కూడా వినబడుతోంది.

అత్తయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి గానీ ఏడవలేదు. రికార్డరు తీసి బల్ల మీద, ఉప్పు డబ్బాకీ నీళ్ళ జగ్గుకీ మధ్య, దాని ముందు వైపు అందరి వైపూ ఉండేలా పెట్టింది. హెడ్‌ఫోన్ చెవులకి సరిగ్గా నొక్కుకుంది.

"మంగళవారం చెప్పిందంతా మళ్ళీ చెప్పండి. ఎందుకు వెళ్తున్నారో కూడా చెప్పండి," అంది. "ఈసారి వింటాను."

బావగారు పెట్టె దించాడు. కూర్చోలేదు. ఎంత పెద్ద కేసునైనా గుక్క తిప్పుకోకుండా వినిపించే మనిషి భార్య వైపు చూశాడు.

తోటికోడలు కుర్చీ లాక్కుని అత్తయ్య ఎదురుగా కూర్చుంది.

"నేను చెబుతానత్తయ్యా," అంది ఆ మెత్తటి గొంతుతోనే, ఏమాత్రం పెంచకుండా.